బ్రైడిల్‌వే మీద గుర్రాలావిడ తిట్టిపోసింది, అసలు మనకి అక్కడ సైకిల్ తొక్కే హక్కు ఉందా లేదా?

రీడింగ్_రాంబాబు
నిన్న పొద్దున్నే సర్రే హిల్స్ (లండన్ దగ్గరి కొండలు) వెళ్ళా, హోంబరీ హిల్ వైపు. దిగేటప్పుడు ఒక బ్రైడిల్‌వే (గుర్రాలు కూడా వెళ్ళే పల్లెదారి) వస్తుంది, రెండు పక్కలా మనిషెత్తు గట్లు, మధ్యలో ఇసుక, పైన చెట్లు కమ్మేసి పట్టపగలు కూడా మసకగా ఉంటుంది. మలుపు తిరిగేసరికి ముందు రెండు గుర్రాలు వెళ్తున్నాయి. నేనేం దూసుకుపోలేదు, బ్రేకులేశా, తడిసి ఉన్నాయేమో కీఈఈ మని అరిచాయి, వెనక గుర్రం గిర్రున తిరిగింది. ఎవరూ పడలేదు. కానీ దాని మీదున్న పెద్దావిడ ఇక అందుకుంది, ఇది గుర్రాల దారి, సైకిళ్ళు అసలు రాకూడదు, మీలాంటివాళ్ళు వచ్చాకే ఈ అడవి ఇలా తయారైందని. సారీ అన్నా ఆగలేదు. కింద గేటు దగ్గర నీలం బాణం గుర్తు ఉంది, ఫోటో కూడా తీసుకున్నా. ఇంతకీ అక్కడ తొక్కొచ్చా తొక్కకూడదా? తెలిసినవాళ్ళు చెప్పండి, వచ్చేవారం మళ్ళీ వెళ్దామనుకుంటున్నా.

పాత_చైన్
తొక్కొచ్చు. 1968 కంట్రీసైడ్ యాక్ట్, సెక్షన్ 30. అంతకుముందు బ్రైడిల్‌వే అంటే నడిచేవాళ్ళకీ గుర్రాలకీ మాత్రమే, ఆ చట్టంతో సైకిళ్ళని కూడా రానిచ్చారు. కాకపోతే అదే సెక్షన్‌లో ఇంకో ముక్క ఉంది, సైకిల్ మీదున్నవాడు నడిచేవాళ్ళకీ గుర్రాల మీద వెళ్ళేవాళ్ళకీ దారివ్వాలి. హక్కుంది, కానీ వరసలో మనం ఆఖరు.

బాణాలు గుర్తుపెట్టుకో. పసుపు ఫుట్‌పాత్ (పొలాల్లో, అడవుల్లో నడకదారి, రోడ్డు పక్కది కాదు), నీలం బ్రైడిల్‌వే, ఊదా రిస్ట్రిక్టెడ్ బైవే (మోటారు బళ్ళు తప్ప అందరికీ), ఎరుపు మామూలు బైవే (మోటారు బళ్ళకి కూడా). పసుపు తప్ప మిగతా మూడింటి మీదా సైకిల్ వెళ్ళొచ్చు. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ లెక్క.

గుంటూరు_ఘాటు
తీర్పు: ఆవిడ చెప్పిన రూలు తప్పు, అరవడం మాత్రం రైటు. కేసు కొట్టేశాం, తర్వాత ఎవరండి

రీడింగ్_రాంబాబు
అరవడం రైటెలా అవుతుంది బ్రో, నేను ఆగాను కదా, సారీ చెప్పాను కదా

ఓరుగల్లు_పిల్ల
నేను గుర్రాల పార్టీ. మా బిడ్డ రైడింగ్ నేర్చుకుంటది, ఆమెను దింపి గేటు కాడ ఊకె నిలబడుడెందుకని నేను గూడ ఎక్కిన. గందుకే అటు పక్క ముచ్చట చెప్త, కోపం జేస్కోకు తమ్మీ.

గుర్రానికి కండ్లు మొకానికి పక్కలకు ఉంటయ్, దాదాపు చుట్టూ కనబడ్తది, సరిగ్గ ఎన్కకు మాత్రం కనబడది. నువ్వొచ్చింది ఆ ఎన్క నుంచే. సప్పుడు లేకుండ వచ్చి ఒక్కపారి కీచుమంటే దానికి సైకిల్ అని సమజ్ కాదు, మీద వడెతందుకు ఏదో వచ్చింది అనుకుంటది. అప్పుడు అది చేసేటియి రెండే, ఉరుకుడు లేకుంటే తన్నుడు. అర టన్ను జంతువు, రెండు దిక్కుల గడ్డలు, తప్పుకునే జాగ లేదు, మీద కూసున్నామె పెద్దమనిషి. ఆమె నిన్ను తిట్టలే, భయంతోని ఒర్రింది. నేనైనా అట్లనే ఒర్రుదును.

చెయ్యాల్సింది ఏందంటే, దూరం కెళ్ళే మాట్లాడాలె. బెల్లు కాదు, మనిషి గొంతు. "హలో, ఎన్కాల ఒక సైకిల్ వస్తుంది" అను, ఇంగ్లీషుల అను మల్ల. గుర్రానికి మనిషి గొంతు ఎరుకే, అది ఇనంగనె చెవులు ఎన్కకు తిప్పుతది, అట్ల తిప్పిందంటే నువ్వున్నవని తెలిసినట్టు. మీదున్నామె రమ్మనేదాక ఆగు. తర్వాత కుడి పక్క నుంచి, నడుమ జాగ ఇడిసి, మెల్లగ పో. దాటంగనె లేచి తొక్కుడు వెట్టకు, అది నీతోని పోటీ అనుకుని అందుకుంటది. ఎదురుంగ వస్తుంటే ఆగు, కానీ చెట్టు సాటుకు మాత్రం పోకు, దాసుకున్న మనిషిని చూస్తేనే ఇంక బెదురుతది.

పాత_చైన్
పైన చెప్పిన కుడి పక్క సంగతి హైవే కోడ్‌లో (ఇక్కడి రోడ్డు రూళ్ళ పుస్తకం) కూడా ఉంది, రూల్ 63. గుర్రాన్ని ఎడమ నుంచి దాటొద్దు, వెనక నుంచి దగ్గరగా వేగంగా రావొద్దు, ఉన్నామని తెలిసేలా చెయ్యి అని. బ్రిటిష్ హార్స్ సొసైటీ, సైక్లింగ్ యూకే కలిసి "బీ నైస్, సే హాయ్" అని ఒక ప్రచారం కూడా నడిపాయి, అందులోనూ మాట్లాడమనే చెప్పారు.

నెల్లూరు_చేపలపులుసు
నేనైతే పాట పాడుకుంటూ దిగుతా. గుర్రాలు బాగానే ఉంటాయి, మనుషులే పక్కకి దూకేస్తున్నారు

బురద_బాబు
ఇంకోటి ఎవరూ అనలేదు, వెనక చక్రం మధ్యలో ఉండే హబ్ చప్పుడు. తొక్కడం ఆపగానే టకటకటక అని కొట్టుకుంటుంది చూశారా, ఖరీదైన హబ్బులు మరీ గట్టిగా. కొన్ని గుర్రాలు దానికే ఉలిక్కిపడతాయి. గుర్రం కనపడగానే పెడల్ మెల్లగా తిప్పుతూ ఉండండి, చప్పుడు ఆగిపోతుంది.

రాంబాబూ, ఆ కీచుకి సగం కారణం బ్రేక్ ప్యాడ్లే. చైన్ మీద కొట్టే స్ప్రే ఆయిల్ బ్రేక్ డిస్క్ మీద పడిందేమో చూడు. పడితే ఎంత తుడిచినా పోదు, ప్యాడ్లు మార్చాల్సిందే.

రీడింగ్_రాంబాబు
స్ప్రే ఎవరు కొట్టారో నాకు తెలుసు. మా వాడికి ఎనిమిదేళ్ళు, నాన్నకి సాయం చేస్తున్నాడంట

కూకట్‌పల్లి_సైకిలు
హైదరాబాద్ నుంచి చదువుతున్నా. మా గుర్రాలు బారాత్‌లో బ్యాండ్ పక్కన, టపాసుల మధ్య, డీజే ముందు నిలబడతాయి, పెళ్ళికొడుకే బెదురుతాడు తప్ప గుర్రం బెదరదు. మీ ఇంగ్లండ్ గుర్రాలకి బ్రేక్ కీచుమంటేనే ఇంత సీనా. మేం అనంతగిరి వెళ్తే అడ్డొచ్చేవి ఆవులు, గేదెలు, వీకెండ్ కార్లు. అందులో కార్లే డేంజర్.

ఓరుగల్లు_పిల్ల
బారాత్ గుర్రం బెదరక కాదు అన్నా, దాని పగ్గం ఇద్దరు వట్టుకుంటరు, కండ్లకు గంతలు గడ్తరు. వాటి కష్టం వాటికే ఎరుక. ఆ ముచ్చట వేరే మాట్లాడుదాం.

క్రాయిడన్_కీర్తి
"మీలాంటివాళ్ళు" అన్నదాని గురించి ఎవరూ ఏం అనట్లేదేంటి? నేను నార్త్ డౌన్స్ కొండల్లో నడకకి వెళ్తా, కొన్నిచోట్ల చూపులే వేరుగా ఉంటాయి. భయంతో అరిచింది సరే, కానీ "మీరు వచ్చాకే అడవి ఇలా అయింది" అనేది భయంలో వచ్చే మాట కాదు.

గుంటూరు_ఘాటు
సైక్లిస్టులందరినీ కలిపి అనుంటుందమ్మా. ఆ కొండల్లో లైక్రా వేసుకున్న తెల్లోళ్ళని కూడా అలాగే తిడతారు, నా కళ్ళారా చూశా.

క్రాయిడన్_కీర్తి
అనుండొచ్చు. కాకపోవచ్చు కూడా. అక్కడ లేని మనం ఇద్దరం తేల్చలేం. రాంబాబు గారికి ఏమనిపించిందో ఆయన చెప్పాలి.

రీడింగ్_రాంబాబు
నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. ఆ టైంలో గుర్రం వెనక కాళ్ళే చూస్తున్నా, ఆవిడ మొహం చూడలేదు. ఇంటికొచ్చాక ఆ మాట గుర్తొచ్చి కాసేపు నిద్ర పట్టలేదు, అంతే.

మిల్టన్‌కీన్స్_మామ
దీన్ని పక్కన పెట్టి ఇంకో కోణం. మన గ్రూపుల సంగతేంటి? పోయిన ఎండాకాలం మన తెలుగు బ్యాచ్ ఒకటి వాట్సాప్‌లో కూడి, అందరూ కొత్త బళ్ళు, సైకిల్ టు వర్క్ స్కీములో కొన్నవే, హ్యాండిల్‌కి బ్లూటూత్ స్పీకరు, దారి మొత్తం అడ్డంగా పరుచుకుని సెల్ఫీలు. ఎదురుగా ఒక ముసలాయన రెండు కుక్కలతో ఆగి నిలబడితే ఒక్కడూ తప్పుకోలా. నేను వెనకున్నా, సిగ్గేసింది. వన్ బై వన్ రండ్రా నాయనా అంటే "అంకుల్ చిల్" అన్నారు.

అంత సరదాగా తొక్కాలనుకుంటే బో బ్రిక్‌హిల్ అడవికి రండి, వోబర్న్ ఎస్టేట్ వాళ్ళది. పర్మిట్ కొనాలి, కానీ సైకిళ్ళ కోసం జంపులు అవీ కట్టి ఉంటాయి, ఇసుక నేల కాబట్టి వానాకాలం కూడా మరీ బురదవ్వదు.

అంకుల్_చిల్
ఈ ఐడీ ఇప్పుడే తీసుకున్నా. థాంక్స్ మామా

బురద_బాబు
మామ చెప్పినదానికి నా ఓటు. స్పీడ్ కావాలంటే ట్రైల్ సెంటర్ (సైకిళ్ళ కోసమే దారులు కట్టిన అడవి), ఊరు చూడాలంటే బ్రైడిల్‌వే. ఈ రెండూ కలిపేసుకుంటేనే గొడవలు. రీడింగ్ నుంచి స్విన్లీ ఫారెస్ట్ పక్కనే, బ్రాక్‌నెల్ దగ్గర. ఆకుపచ్చ, నీలం, ఎరుపు గుర్తులు పెట్టిన దారులు, అన్నీ ఒకే వైపు వెళ్ళేవే, ఎదురుగా ఎవరూ రారు. అక్కడ కళ్ళు మూసుకుని దిగు, ఎవరూ ఏమీ అనరు.

(కళ్ళు మూసుకోకు)

కింగ్‌స్టన్_కిరణ్
ట్రైల్ సెంటర్ బోర్ బాబాయ్. అన్ని మలుపులూ ఒకేలా, రాళ్ళు పరిచి సిమెంటు రోడ్డులా చేసేస్తారు. అసలు మజా అంతా మ్యాపులో లేని చిన్న దారుల్లోనే. ఇంకా చెప్తే నేను ఫుట్‌పాత్‌ల మీద కూడా తొక్కుతా, పొద్దున 6 కల్లా వెళ్ళి జనం రాకముందే వచ్చేస్తా. అది క్రైమ్ కాదు, ట్రెస్‌పాస్ మాత్రమే, పోలీసులేం చెయ్యలేరు. ఇంగ్లండ్‌లో ఉన్న దారుల్లో మనకి ఇచ్చింది ఐదో వంతుకి కాస్త ఎక్కువ, మిగతావన్నీ పసుపు బాణాలే. పక్కపక్కనే రెండు దారులు, ఒకటి నీలం ఒకటి పసుపు, తేడా ఏంటంటే వందేళ్ళ కిందట ఎవరి గుర్రం ఎటు వెళ్ళిందో అది. దీన్ని నేనెందుకు గౌరవించాలి?

పాత_చైన్
చట్టం వరకు నువ్వన్నది చాలామటుకు నిజమే, మామూలు ఫుట్‌పాత్ మీద తొక్కితే భూమి గలాయనకీ నీకూ మధ్య సివిల్ గొడవ. కానీ ఎక్కడైనా బైలా (ఆ చోటు వరకు పెట్టిన స్థానిక రూలు) ఉంటే అది నేరమే, రోడ్డు పక్క పేవ్‌మెంట్ అయితే 1835 హైవేస్ యాక్ట్ నుంచీ నేరమే. ఇది చదివి ఎవరైనా ఊళ్ళో పేవ్‌మెంట్ ఎక్కేరు, అందుకని చెప్తున్నా.

ఆ గీతలు పాతకాలపువి, మారాలి అన్నదాంట్లో నీతోనే ఉన్నా. మార్చమని అడిగేవాళ్ళ పరువు మాత్రం పొద్దున 6కి పోగొట్టకు.

బురద_బాబు
కిరణ్, నువ్వు మజా అంటున్న ఆ చిన్న దారులు ఎక్కడున్నాయో ఆలోచించావా? హోంబరీ మీద బ్యారీ నోస్ బెస్ట్, యోగర్ట్ పాట్స్ లాంటి పేర్లున్న దారులన్నీ హర్ట్‌వుడ్ అనే అడవిలో ఉన్నాయి. ప్రైవేటు భూమి అది. 1920ల్లో ఆ భూమి యజమాని జనం వచ్చి గాలి పీల్చుకోండి, తిరగండి అని రాసిచ్చాడు, నడిచేవాళ్ళకీ గుర్రాలకీ. సైకిళ్ళ మాట అందులో లేదు, బ్రైడిల్‌వేలు పోను మిగతాచోట మనం తొక్కుతున్నది వాళ్ళు ఊరుకుంటున్నారు కాబట్టి. చూసుకునేది చిన్న ట్రస్టు, విరాళాలతో నడుస్తుంది. రేపు నలుగురు ముసలాళ్ళు కంప్లైంట్ పెడితే నీ మజా మీద కంచె పడుద్ది.

కింగ్‌స్టన్_కిరణ్
ఓకే హర్ట్‌వుడ్ పాయింట్ ఒప్పుకుంటా. విరాళం కూడా ఇస్తా. ఫుట్‌పాత్ విషయంలో నా మాట నాదే.

ఎడిన్‌బరో_ఎంకన్న
పాపం మీరు. మాకు పసుపు నీలం బాధే లేదు. 2003 ల్యాండ్ రిఫార్మ్ యాక్ట్ వచ్చాక స్కాట్లాండ్‌లో కొండ, అడవి, పొలం గట్టు ఎక్కడైనా సైకిల్ వెళ్ళొచ్చు, బాధ్యతగా ఉంటే చాలు. ఇళ్ళ పెరళ్ళు, పంట వేసిన చేలు వదిలెయ్యాలి. పీబుల్స్ పక్కన గ్లెంట్రెస్ అని సైకిల్ దారులున్న అడవి ఉంది, రండి, ఉప్మా పెడతా.

గుంటూరు_ఘాటు
మీకు దారులన్నీ ఇచ్చి మిడ్జెస్‌ని (కుట్టే చిన్న దోమలు) కూడా ఇచ్చాడు దేవుడు. లెక్క సరిపోయింది

ఎడిన్‌బరో_ఎంకన్న
సైకిల్ ఆపితేనే కుడతాయి. అందుకే మాకు ఫిట్‌నెస్ ఎక్కువ

క్రాయిడన్_కీర్తి
నడిచేవాళ్ళ తరఫున కూడా ఒక మాట రాసుకోండి. గుర్రాలకి అందరూ ఆగుతున్నారు, తన్నుద్దని భయం కాబట్టి. మేం తన్నం కదా, మా భుజం రాసుకుంటూ వెళ్ళిపోతారు. మా అత్తయ్య వచ్చినప్పుడు తీసుకెళ్ళా, ఆవిడకి ఒక చెవి వినపడదు, మీ బెల్లు ఎంత కొట్టినా లాభం లేదు. బెల్లు కొట్టేశాం కాబట్టి దారి మాది అనుకోకండి. కొట్టాక కూడా మేం తప్పుకునేదాకా ఆగాలి.

ఓరుగల్లు_పిల్ల
నూటికి నూరు పాళ్ళు కరెక్ట్ చెల్లే

స్లౌ_సూరి
ఈ-బైక్ ఓకేనా బ్రైడిల్‌వే మీద? మోకాళ్ళు పోయాయి, అదొక్కటే దిక్కు

పాత_చైన్
ఓకే. మోటారు 250 వాట్లు, గంటకి 15.5 మైళ్ళ స్పీడ్ దాటాక సాయం ఆగిపోవాలి, పెడల్ తొక్కితేనే నడవాలి, అప్పుడు అది చట్టం దృష్టిలో మామూలు సైకిలే. చిప్ మార్చి స్పీడ్ పెంచినవి, ఆన్‌లైన్‌లో అమ్మే థ్రాటిల్‌వి (తొక్కకుండానే పరిగెత్తేవి) మోటారు బండి కింద లెక్క, వాటికి నంబరు ప్లేటు, ఇన్సూరెన్సు కావాలి, బ్రైడిల్‌వే మీదకి రానే కూడదు.

ఓరుగల్లు_పిల్ల
సూరి అన్నా, ఎక్కుడుల జర పైలం. మామూలు సైకిలోళ్ళు ఎక్కేటప్పుడు ఆయాసంతోని ఇనబడ్తరు, దూరం కెళ్ళే తెలుస్తది. ఈ-బైక్ ఎక్కుడుల గూడ సప్పుడు లేకుండ ఎన్కకొచ్చి నిలబడ్తది. ముందుగాలనే మాట్లాడు.

స్లౌ_సూరి
నా ఆయాసం ఈ-బైక్ మీద కూడా వినపడుద్ది అక్కా, ఆ భయం లేదు

బురద_బాబు
గేట్ల గురించి. బ్రైడిల్‌వే గేటుకి నిలువుగా పొడుగాటి లివర్ ఉంటుంది చూడండి, గుర్రం మీద కూర్చునే వంగి లాగడానికి. అది బిగుసుకుపోయి ఉంటే గుర్రం మీదున్నవాళ్ళకి నరకం, గుర్రాన్ని అడ్డంగా తిప్పి, ఒక చేత్తో కళ్ళెం ఒక చేత్తో లివర్. అదే టైంలో మనం అక్కడుంటే దిగి, గేటు పూర్తిగా తెరిచి, కీలు వైపు నిలబడి పట్టుకుంటే చాలు. నేను ఈ ఒక్క పని చెయ్యడం మొదలుపెట్టాక మా లోకల్ అడవిలో అందరూ పేరు పెట్టి పిలుస్తున్నారు. పేరు తప్పుగా పలుకుతారు, అది వేరే విషయం.

నెల్లూరు_చేపలపులుసు
ఏమని పిలుస్తారు

బురద_బాబు
అసలు పేరు వెంకట. వాళ్ళు "వాంకా" అంటారు. ఇంగ్లీషులో దానికి దగ్గర్లో ఇంకో బూతు మాట ఉంది, కాబట్టి దూరం నుంచి పిలవొద్దని బతిమాలుకున్నా

గుంటూరు_ఘాటు
😂😂 ఈ త్రెడ్ ఇక్కడితో మూసేసినా నాకు ఓకే

రీడింగ్_రాంబాబు
మూయకండి, ఇంకా డౌట్లున్నాయి. అరవడం నాకు ఇప్పటికీ నచ్చలా, కానీ ఓరుగల్లు అక్క చెప్పింది బుర్రకెక్కింది, ముందే మాట్లాడతా. ఈసారి హోంబరీ కాకుండా దగ్గర్లో, జనం తక్కువ ఉండే బ్రైడిల్‌వే ఏదైనా చెప్పండి, పెద్ద గుంతలూ జంపులూ వద్దు, రెండు మూడు గంటలు సాఫీగా తొక్కేది. మా వాడిని కూడా తెద్దామని.

పాత_చైన్
రిడ్జ్‌వే అని పొడవాటి పాత దారి ఉంది. గోరింగ్ అండ్ స్ట్రీట్లీ స్టేషన్‌లో దిగు, రీడింగ్ నుంచి రైల్లో నిమిషాల పని. స్ట్రీట్లీ నుంచి పడమటి వైపు పట్టుకో, అటు ఓవర్టన్ హిల్ దాకా బ్రైడిల్‌వేలు బైవేలే, సైకిల్‌కి అభ్యంతరం లేదు. తూర్పు వైపు ఐవింగో బీకన్ దిక్కుకి మాత్రం మధ్యమధ్యలో ఫుట్‌పాత్ వస్తుంది, అక్కడ దిగి నడవాలి లేదా చుట్టూ తిరగాలి. ఆర్డినెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ మ్యాపులో చూస్కో, ఆకుపచ్చ పొట్టి గీతలు ఫుట్‌పాత్, పొడుగు గీతలు బ్రైడిల్‌వే. పిల్లాడితో అయితే ఎక్కినంతసేపు ఎక్కి, వెనక్కి తిరిగి రావడమే. సుద్దరాయి నేల, ఎండితే రోడ్డులా ఉంటుంది. వాన పడితే సబ్బు, చక్రం కింద నిలవదు.

ఓరుగల్లు_పిల్ల
ఆ దిక్కు రేసు గుర్రాలు శాన ఉంటయ్, పొద్దున పూట ట్రైనింగ్ ఇస్తరు. దారి పొంటి నున్నగ కోసిన గడ్డి బాట కనబడ్తది, తొక్కబుద్ధయితది గని దాని మీదికి పోవద్దు, అది గ్యాలప్, రేసు గుర్రాలు ఉరికే బాట, వాళ్ళ సొంతం. బిడ్డకు గూడ చెప్పు.

బురద_బాబు
టైర్లు ట్యూబ్‌లెస్ చేయించావా? సెప్టెంబరు వచ్చిందంటే మొక్కల కంచెలు కత్తిరిస్తారు, మార్చి నుంచి ఆగస్టు దాకా పక్షుల గూళ్ళని ముట్టుకోరు కాబట్టి అంతా ఒకేసారి కొట్టేస్తారు. హాథార్న్ అనే కంచె మొక్క ముళ్ళు దారంతా పడతాయి. తుమ్మ ముల్లు తొక్కినవాడికి కొత్త కాదు, కానీ ఇవి సన్నగా లోపల విరిగిపోయి కనపడవు. ట్యూబు మార్చి గాలి కొట్టగానే మళ్ళీ దిగిపోద్ది. టైరు లోపల వేలితో కాదు, గుడ్డతో తడుము, దారప్పోగు ఎక్కడ తగులుకుంటే అక్కడ ఉంది ముల్లు. పటకారుతో లాగు.

రీడింగ్_రాంబాబు
నాది ట్యూబే. వాడిది 20 అంగుళాల చక్రం, దానికి ట్యూబ్‌లెస్ దొరుకుద్దా?

బురద_బాబు
దొరుకుద్ది కానీ దండగ, ఆర్నెల్లలో సైకిలే చిన్నదైపోద్ది. ట్యూబులోనే సీలెంట్ (చిల్లు పూడ్చే ద్రవం) పొయ్యి, వాల్వ్ కోర్ ఊడేది అయితే. కాకపోతే రెండు ట్యూబులు ఎక్కువ పట్టుకెళ్ళు.

అంకుల్_చిల్
మామా, మీ గ్రూపులో స్పీకర్ పెట్టుకొచ్చింది నేను కాదు కానీ నెక్స్ట్ రైడ్‌కి నేనూ రావచ్చా

మిల్టన్‌కీన్స్_మామ
రా. ముందు నువ్వే ఉండు, గుర్రం కనపడితే నువ్వే మాట్లాడాలి.

అంకుల్_చిల్
ఏమనాలి? ఎక్స్‌క్యూజ్ మీ సర్ అనాలా

ఓరుగల్లు_పిల్ల
గుడ్ మార్నింగ్ అంటే సాలు. గుర్రం మీద ఉన్నోళ్ళకు, గుర్రానికి కాదు. ఎంతమంది వస్తున్నరో చెప్పు, ముగ్గురని చెప్పి ఐదుగురు పోతే మల్ల ఆఖరు ఇద్దరికి తన్నులు.